దాచిన పెట్టెలు, దోచిన రాళ్లు



ఉద్యోగధర్మము వలన స్వస్థలములకు దూరముగా నివసించు తెలుగు కుటుంబములకు సెలవుదినములు అమూల్యములు. ప్రయాణపు రాయితీ లభించగానే పెండ్లిండ్లు, మ్రొక్కుబడులు, బంధుదర్శనములు వరుసగా గుర్తునకు వచ్చును. వానిలో రెండు మూడు దినములు మిగుల్చుకొని, పిల్లలతో కృష్ణాతీరపు చిన్న ఊళ్ల ప్రదర్శనశాలలను కారులో చూచిరాదగును.

పాతరాళ్లనగానే పిల్లలు మొగము త్రిప్పుకొందురు. వారిని కదలించుటకు ఒక ఆట కలదు. దాని పేరు జియోకాషింగ్. ఉపగ్రహముల సాయమున చోటు తెలిసికొను పద్ధతిలో, సామాన్యులకందు సంకేతములందు అమెరికా ప్రభుత్వము బుద్ధిపూర్వకముగా ఉంచిన లోపమును 2000 మే 2న తొలగించెను. మరునాడే డేవ్ ఉల్మర్ అనునాతడు ఆరెగాన్ రాష్ట్రమున ఒక బకెట్టును దాచి, దాని అక్షాంశ రేఖాంశములను ప్రకటించెను. కొలది దినములలోనే ఇతరులు దానిని కనుగొనిరి. నాటినుండి ఆ ఆట పెక్కు దేశములకు ప్రాకినది. దాచిన పెట్టెలో చిన్న పుస్తకము ఉండును. కనుగొన్నవాడు అందు పేరు వ్రాయవలెను. ఏదేని వస్తువును తీసికొన్నచో తగినదానిని బదులుంచి, పెట్టెను యథాస్థానమున దాచవలెను. తరువాత వచ్చువానికి మిగుల్చుటయే ఇందలి నీతి.

ఈ నీతిని మనసున ఉంచుకొని ముందు భట్టిప్రోలు పోవలెను. అచ్చటి స్తూపమును 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వించగా ధాతువులు గల రాతిభరిణెలు బయల్పడెను. వానిపై బ్రాహ్మీలిపిలో దాతల పేర్లు చెక్కబడియున్నవి. పెట్టెను దాచి పేరు వ్రాయు ఆచారము తెలుగునేలకు కొత్తది కాదు. అయితే ఆ భరిణెలు దొరికినచోట నిలువక చెన్నపట్టణము చేరినవి.

అమరావతి కథ మరింత విచారకరము. పదునెనిమిదవ శతాబ్ది చివర కాలిన్ మెకెంజీ చూచునాటికే మహాస్తూపపు రాళ్లు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుని కొత్త పట్టణపు కట్టడములకు పోవుచుండెను. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన శిల్పములు చెన్నపట్టణము చేరి, వానిలో పెక్కు 1859లో లండనుకు పంపబడెను. తరలించినవారు కొన్నింటిని నాశనమునుండి కాపాడిరనుట నిజమే. కాని అమరావతి బిడ్డ తన ఊరి శిల్పములను చూడగోరినచో సముద్రము దాటవలసివచ్చుటయు నిజమే. స్వస్థలమున మిగిలినవి స్తూపపు దిబ్బ, మిగిలిన శిల్పములను భద్రపరచిన ప్రదర్శనశాల.

నాగార్జునకొండ దీనికి వేరొక పాఠము. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు శంకుస్థాపన జరిగెను. లోయ మునుగుట తప్పలేదు. అందుచేత 1954 నుండి 1960 వరకు లోయను త్రవ్వి, ముఖ్యమైన కట్టడములను కొండపైకిని అనుపునకును తరలించి తిరిగి నిలిపిరి. కొండ ద్వీపమైనది; శిల్పములకు అచ్చటనే ప్రదర్శనశాల వెలసినది. లాంచిలో పోవు బాలునకు తాను దాటుచున్న నీటి అడుగున ఒకప్పుడు ఇక్ష్వాకుల విజయపురి ఉండెనని చెప్పినచో, వాడు నీటివంక వేరుగా చూచును. పంటకు నీరు కావలెను, పూర్వుల గుర్తును కావలెను. రెంటికిని చోటు కల్పించుట సాధ్యమని ఆ కొండ చెప్పుచున్నది.

ఒక హెచ్చరిక. రక్షిత స్థలములందు అనుమతిలేక త్రవ్వుట 1958 నాటి చట్టమునకు విరుద్ధము. అచ్చట పెట్టెలు దాచుటయు తగదు. పిల్లలకు వేరొక వెదకులాట చాలును. ప్రతిశాలలోను ఒక్క శిల్పమును ఎన్నుకొని, అది ఎచ్చట దొరికినదో, దాని తోడివి నేడెచ్చట ఉన్నవో వారు తమ పుస్తకమున వ్రాసికొనవలెను. ఢిల్లీలోని వారికి జాతీయ ప్రదర్శనశాలలో నాగార్జునకొండ శిల్పములు కలవు. ఆట అచ్చటనే మొదలిడవచ్చును.

చూచువారు లేని శాల క్రమముగా మూతపడును. శాల మూతపడిన ఊరు తన గుర్తును రెండవమారు కోల్పోవును. కనుక సందర్శకుల పుస్తకమున్నచోటనెల్ల పిల్లలచేత తెలుగులో పేరు వ్రాయించి రండు. తరువాత వచ్చువారికి మనము మిగుల్చదగిన వస్తువు అదియే.