మూత్రనాళంలో రాయి – షాక్‌వేవ్ చికిత్స

నేను డాక్టరును కాను. ఇంటర్మీడియట్ చదివి పటాలంలో చేరి, సుబేదారుగా రిటైరైనవాణ్ణి. రాజస్థాన్ ఇసుకలో సర్వీసు చేసి రాయి తెచ్చుకున్నాను కనుక నన్ను మాట్లాడమన్నారు.

మన నేవీ, కోస్ట్‌గార్డ్ వారి డోర్నియర్ విమానాలు మీరు చూసే ఉంటారు. ఆ పేరుగల జర్మన్ కంపెనీయే, అతి వేగంగా పోయే విమానానికి వాన చినుకు తగిలితే ఏమవుతుందో పరిశీలిస్తూ ఈ తరంగాల దారి పట్టింది. 1980లో మ్యూనిక్‌లో మొదటిసారి కోత లేకుండా ఒక రోగి కిడ్నీ రాయిని పగలగొట్టారు.

నా రాయి 8 మి.మీ., మూత్రనాళం పైభాగంలో ఉండేది. ఒక్క సిట్టింగులో పొడైంది. మా యూనిట్ హవల్దారుది 13 మి.మీ., బాగా కిందికి దిగి ఇరుక్కుంది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో "ఒక్కసారికే పోతుంది" అన్నారట. మూడుసార్లు కొట్టినా పగల్లేదు. చివరికి లేజర్‌తో తీయించుకున్నాడు.

చికిత్స ఒకటే, మరి తేడా ఎక్కడ? రాయి 10 మి.మీ. లోపుంటే అవకాశం బాగుంటుంది, దాటితే తగ్గుతుంది. గట్టిదనం కూడా చూడాలి. సి.టి. స్కాన్‌లో హెచ్.యు. అనే అంకె తెలుస్తుంది. అది వెయ్యి దాటితే రాయి మొండిదే. ఇక మన పొట్ట! చర్మం నుంచి రాయికి దూరం 10 సెం.మీ. దాటితే దెబ్బ బలం తగ్గుతుంది. పి.టి. మానేసినవాళ్లు నవ్వుతున్నారు, చూస్తున్నాను.

కొట్టే తీరూ ముఖ్యమే. నిమిషానికి 120 దెబ్బల కన్నా 60 చొప్పున నిదానంగా కొడితే బాగా పగులుతుంది. తొందరపెట్టకండి. నొప్పికి మందిచ్చి కదలకుండా పడుకోబెట్టాలి. గురి తప్పితే గుండు వృథా అని మనకు వేరే చెప్పాలా! స్టెంట్ వేస్తే రాయి త్వరగా పోతుందనుకుంటారు. అలా ఏం లేదు, అది వేరే అవసరాలకు వేస్తారు. రక్తం పలచబడే మందులు వాడేవారు మాత్రం ముందే చెప్పాలి.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లకు ఒక మాట. మెడికల్ క్యాటగిరీ పడిపోతుందని రాయిని దాచకండి. ఒకేచోట వారాల తరబడి ఇరుక్కుంటే నాళం గోడ వాచిపోతుంది, అప్పుడు రాయి తరంగాలకు లొంగదు. నొప్పి తగ్గిందంటే రాయి పోయిందని కాదు. చప్పుడు లేకుండా కిడ్నీయే చెడిపోవచ్చు. నొప్పితోపాటు చలిజ్వరం వస్తే అర్ధరాత్రయినా ఎం.ఐ. రూముకు పొండి.

చికిత్స అయ్యాక ముక్కలు పూర్తిగా పడ్డాయో లేదో మళ్లీ పరీక్ష చేయించుకోండి. మూత్రం వడకట్టి, దొరికిన ముక్కను ల్యాబుకు ఇవ్వండి. అది ఏ రకమో తెలిస్తే, మళ్లీ రాకుండా ఏం తినాలో, ఏం మానాలో డాక్టరుగారు చెప్పగలరు. నాది కాల్షియం ఆక్సలేట్ అన్నారు. మిగతా ప్రశ్నలుంటే టీ దగ్గర అడగండి. జైహింద్.