పాత ఇటుకలు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. షుగరు, బి.పి.ల సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. ముప్పై మూడేళ్ళు వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసినవాణ్ణి, నాకు తెలిసింది ఇటుక. దాని గురించే చెబుతాను.

2018 వేసవిలో పాలకొల్లు దగ్గర పల్లెలో ఉన్న మా ఇల్లు బాగుచేయించాం. 1952లో మా నాన్నగారు కట్టిన పెంకుటిల్లు. వెనక వసారా, వంటగది, వీధి అరుగు విప్పక తప్పలేదు. "ఆ చెత్తంతా ట్రాక్టరువాడు పట్టుకుపోతాడు నాన్నా, మీరు ఎండలో నిలబడకండి" అన్నాడు మా అబ్బాయి. నేను కడుపులో ఉండగా మా అమ్మ బిందెలతో నీళ్ళు మోసి తడిపిన గోడలవి. రెండు రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు. మూడోనాడు వాడే, "సరే, మీ ఇష్టం. కూలి మాత్రం మీ పెన్షన్లోంచే" అన్నాడు.

పాత ఇటుక చేతికి దక్కాలంటే గోడ దేనితో కట్టారో చూడాలి. గానుగ సున్నంతో కట్టినది గునపంతో వరసవరసగా ఊడివస్తుంది. సిమెంటుతో కట్టినదైతే ఇటుక విరుగుతుంది గాని సిమెంటు వదలదు. వంటగదిలో తరువాత సిమెంటుతో కట్టిన అడ్డగోడలో నూటికి ఇరవై కూడా దక్కలేదు. నాన్నగారి గోడల్లో డెబ్బై దాకా వచ్చాయి. అదికూడా పైనుంచి విప్పితేనే. మొదటిరోజు మేస్త్రీ తొందరపడి ఒక గోడ తోసేశాడు, అన్నీ ముక్కలే.

ఇద్దరు ఆడకూలీలు పాత తాపీలతో సున్నం గీకారు. ముందు నీళ్ళు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని గీకాలి. వాళ్ళు కట్టుకున్నారు. పెద్ద ఇన్‌స్పెక్టరుగారు మాత్రం ఏమీ కట్టుకోకుండా పక్కనే కుర్చీ వేసుకుని, నెల్లాళ్ళు దగ్గారు.

మంచి ఇటుక రెండోదానితో తాటిస్తే ఖంగుమనాలి. గోటితో గీస్తే గీత పడకూడదు. మూడడుగుల ఎత్తునుంచి వదిలితే పగలకూడదు. ఒకరోజు నీళ్ళలో నానేస్తే బరువు అయిదో వంతుకు మించి పెరగకూడదు, అంటే మూడు కిలోల ఇటుక మూడు కిలోల ఆరువందల గ్రాములు దాటకూడదు.

ఇవన్నీ తెలిసిన నేనే తప్పు చేశాను. పాత స్నానాల గది గోడ ఇటుకలు ఖంగుమన్నాయి కదా అని, నానబెట్టి చూడకుండా కొత్త బాత్‌రూముకు వాడించాను. ఆరునెలలకు ప్లాస్టరింగు బుడగలెక్కి, తెల్లటి పొడి రాలింది. ఏళ్ళ తరబడి తడిసిన ఇటుక ఉప్పు పట్టి ఉంటుంది. మళ్ళీ తడి తగిలితే ఆ ఉప్పు కరిగి పైకి వచ్చి, ఆరేటప్పుడు గట్టిపడి పూతను తోసేస్తుంది. నానబెట్టి ఆరనిచ్చి ఉంటే ఆ తెలుపు ముందే కనబడేది. పదకొండు వేలు పెట్టి గోడ మళ్ళీ కట్టించాం. అబ్బాయి ఒక్కమాట అనలేదు. అన్నా బాగుండేది.

ఇందులో డబ్బు మిగులుతుందనుకుని దిగకండి. కూలి లెక్కవేస్తే కొత్త ఇటుకకు, దీనికి పెద్ద తేడా రాలేదు. అయితే పడగొట్టిన ఇంటి చెత్త రోడ్డుమీదా మురుక్కాలవలోనూ పోయకూడదని 2016లో కేంద్రం నియమాలు చేసింది, అది గుర్తుంచుకోండి. స్లాబు బరువు మోసే గోడకు పాత ఇటుక వద్దు. కొలత వేరు గనుక కొత్త ఇటుకతో ఒకే గోడలో కలపవద్దు. ప్రహరీకి, అరుగుకు, చప్టాకు భేషుగ్గా పనికొస్తుంది. ముక్కల్ని గచ్చు కింద దిమ్మిస కొట్టించాం.

వీధి అరుగు మాత్రం పూర్తిగా నాన్నగారి ఇటుకలతోనే కట్టించాను, ప్లాస్టరింగు చేయనివ్వలేదు. కొన్నింటి మీద ఇటుక కోసినవాడి వేళ్ళగుర్తులు ఇంకా ఉన్నాయి. సాయంత్రం మా మనవడు ఆ గుంటల్లో తన వేళ్ళు పెట్టి చూసుకుంటాడు.

ఇంకా మూడువందల చిల్లర ఇటుకలు పెరట్లో ఉన్నాయి. నూతి చప్టాకు వాడదామని మొన్న అబ్బాయే అన్నాడు. వచ్చేముందు ఓ పది బకెట్లో నానేసి వచ్చాను. సెలవు.