పాఠ్య ప్రణాళిక ఎవరి కోసం?

(స్వర్ణోత్సవాల సందర్భంగా, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయులతో మన సంఘం జరిపిన సమావేశంలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



నేను 1985లో ఈ బడిలోనే పదో తరగతి పూర్తి చేశాను. ముప్పై ఏళ్లకు పైగా విద్యుత్ కేంద్రాల యంత్రాల నిర్వహణలో ఉన్నాను. బోధన నా వృత్తి కాదు. అయినా మాట్లాడతానని ఎందుకు ఒప్పుకున్నానంటే, మా దగ్గరకు ఏటా కొత్త ఇంజనీర్లు వస్తారు, వాళ్లకు పని నేర్పడం మా ఉద్యోగంలో భాగం. కాగితం మీద గీసిన ప్లానుకూ, కింద జరిగే పనికీ మధ్య ఉండే దూరం మేం రోజూ చూసేదే. మీకూ అదే దూరం ఎదురవుతోందని మీలో కొందరితో మాట్లాడాక అర్థమైంది.

2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించారు. ఇరవై ఏడేళ్లకు ఉద్యోగంలో చేరిన టీచరు అరవై రెండు దాకా, అంటే 35 ఏళ్లు పాఠం చెబుతారు. ఏడాదికి ఒక్క సెక్షనే, అందులో 40 మందే అనుకున్నా 1,400 మంది పిల్లలు. హైస్కూల్లో సబ్జెక్టు టీచరుకు నాలుగైదు సెక్షన్లు ఉంటాయి కాబట్టి ఆ సంఖ్య అంతకు ఎన్నో రెట్లు. మొదటి రెండేళ్లలో పడిన అలవాటే ఆ తర్వాత వాళ్లందరి మీదా పనిచేస్తుంది. అందుకే ఈ విషయం చిన్నది కాదంటాను.

ముందు పాఠ్య ప్రణాళిక సంగతి. బి.ఎడ్., డి.ఎడ్. చదివిన మీకు హెర్బార్టు సోపానాలు తెలుసు. సన్నాహం, ప్రదర్శన, సంసర్గం, సాధారణీకరణం, అన్వయం. హెర్బార్టు 1841లో కన్నుమూశారు. ఈ అయిదు మెట్ల రూపం ఆయన ఆలోచనల నుంచి శిష్యులు తయారు చేసింది. ఆ తర్వాత 1956లో బ్లూమ్ బృందం లక్ష్యాల వర్గీకరణ వచ్చింది. జ్ఞానం, అవగాహన, వినియోగం అని మీరు రికార్డుల్లో గళ్లు గీసి రాసేది అక్కడి నుంచి వచ్చిందే. ఈ రెండూ మంచి పనిముట్లే. చిక్కల్లా, ఆ గళ్లు ఎవరి కోసం నింపుతున్నాం అన్న దగ్గర మొదలవుతుంది. తనిఖీకి వచ్చే అధికారి కోసమే అయితే గైడులో చూసి దింపినా సరిపోతుంది. ఫోనులో వచ్చిన పీడీఎఫ్‌ను కాపీ చేసినా సంతకం పడుతుంది. కానీ ఆ పీడీఎఫ్ రాసినవారు మీ ఏడో తరగతి పిల్లల్ని చూడలేదు.

నా దృష్టిలో పాఠ్య ప్రణాళిక అంటే ఒక అంచనా. నేను ఇది అడిగితే పిల్లలు ఇలా అంటారు, అప్పుడు నేను ఇది చూపిస్తాను, దాంతో వాళ్ల ఆలోచన ఇటు మళ్లుతుంది అని ముందే వేసుకునే లెక్క.

ఒక ఉదాహరణ చెబుతాను. వస్తువులు నీటిలో తేలడం, మునగడం అనే పాఠం. చాలామంది పిల్లల మనసులో ముందే ఒక సిద్ధాంతం ఉంటుంది: బరువైనవి మునుగుతాయి, తేలికవి తేలుతాయి. మనం ఎవరూ నేర్పలేదు, వాళ్లే కట్టుకున్నారు. బోర్డు మీద సాంద్రత సూత్రం రాసి నాలుగు లెక్కలు చేయిస్తే పరీక్షలో మార్కులు వస్తాయి, పాత సిద్ధాంతం మాత్రం కదలదు.

ఇదే పాఠాన్ని కొండపల్లిలో ఎలా చెప్పవచ్చు? బొమ్మల కాలనీకి వెళ్లి, బొమ్మలు చెక్కే తెల్ల పొణికి కర్ర పెద్ద ముక్క ఒకటి అడిగి తెండి. ఒక ఇనుప మేకు, ఒక స్టీలు గిన్నె, ఒక బకెట్టు నీళ్లు. ముందు ఏదీ నీటిలో వేయవద్దు. కర్ర ముక్కను, మేకును చేతికిచ్చి ఏది బరువో చెప్పమనండి. ఏది మునుగుతుందో నోటుపుస్తకంలో రాయమనండి. అందరూ రాశాకే నీటిలో వేయండి. బరువైన పొణికి తేలుతుంది, తేలికైన మేకు మునుగుతుంది. తర్వాత స్టీలు గిన్నె. లోహమే అయినా తేలుతుంది. అప్పుడు తరగతిలో ఒక్క క్షణం నిశ్శబ్దం వస్తుంది. ఆ నిశ్శబ్దంలోనే పాఠం మొదలవుతుంది. బరువొక్కటే చూస్తే చాలదు, అది ఎంత చోటు ఆక్రమించిందో కూడా చూడాలి అన్న మాట పిల్లల నోటి నుంచి రావడానికి మరో పది నిమిషాలు పట్టవచ్చు. సూత్రం ఆ తర్వాత రాయండి. చివరి ప్రశ్నగా, థర్మల్ కేంద్రం బూడిద నీటిలో కలిసినప్పుడు అందులో కొంత భాగం పైన ఎందుకు తేలుతుందో అడగండి. అవి లోపల బోలుగా ఉండే అతి సన్నని గోళాలు. గిన్నె సంగతి అర్థమైన పిల్లవాడికి ఈ జవాబు కూడా అందుతుంది.

ఇందులో మీరు చదివిన సిద్ధాంతాలన్నీ ఉన్నాయి. పియాజే, వైగాట్‌స్కీ ఇద్దరూ 1896లోనే పుట్టారు. పిల్లవాడు ఖాళీ కుండ కాదని, తన దగ్గరున్న ఆలోచనకు అనుభవం ఎదురు తిరిగినప్పుడు దాన్ని సవరించుకుంటాడని పియాజే చెప్పారు. నోటుపుస్తకంలో ముందే రాయించడం అందుకే. రాయకపోతే, నేనూ అదే అనుకున్నాను అని తప్పించుకోవచ్చు. పిల్లవాడు ఒంటరిగా చేయలేని పనిని, పక్కన తెలిసినవారి సాయంతో చేయగలిగే మేర ఒకటి ఉంటుందని, బోధన అక్కడ జరగాలని వైగాట్‌స్కీ అన్నారు. ఇది మన ఊరికి కొత్త కాదు. పొణికి కర్ర ఎండబెట్టడం, చెక్కిన భాగాలను చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతకడం, సున్నం పూత, ఆపైన రంగులు. ఇన్ని మెట్లున్న పనిని ఎవరూ ఒక్క ఉపన్యాసంతో నేర్పలేరు. పక్కన కూర్చోబెట్టుకుని, ముందు చేయగలిగిన మెట్టు అప్పగించి, చెయ్యి తిరిగేకొద్దీ సాయం తగ్గించుకుంటూ పోవాలి.

జ్ఞాపకం గురించి కూడా ఒక మాట. నేర్చుకున్నది మొదట్లోనే వేగంగా మరచిపోతామని ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసుకుని చూపించారు. అందువల్ల సోమవారం చెప్పినదాన్ని గురువారం రెండు ప్రశ్నలుగా, మరుసటి వారం ఇంకో ప్రశ్నగా అడగడం ప్రణాళికలోనే రాసుకోండి. పుస్తకం తెరిచి మళ్లీ చదివించడం కన్నా, మూసి గుర్తు చేసుకోమనడం ఎక్కువ నిలుస్తుంది. అలాగే, ఈ పిల్లవాడు చూసి నేర్చుకునేవాడు, ఆ పిల్ల విని నేర్చుకునేది అంటూ విడదీసి బోధించాలనే మాట శిక్షణల్లో తరచు వినిపిస్తుంది. 2008లో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆ పరిశోధనలన్నీ సమీక్షించి, అలా బోధిస్తే మేలనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. శిక్షణలో విన్నది కూడా పరీక్షకు పెట్టాల్సిందే.

ఇప్పుడు మా వృత్తి నుంచి ఒక అలవాటు మీకు ఇవ్వాలనుకుంటున్నాను. ఏదైనా కట్టేముందు మేం డ్రాయింగు గీస్తాం. కట్టడం పూర్తయ్యాక మరో డ్రాయింగు గీస్తాం. దాన్ని యాజ్ బిల్ట్ డ్రాయింగు అంటాం. అనుకున్న చోట పైపు పట్టలేదు, రెండడుగులు పక్కకు జరిపాం అన్నది అందులో ఉంటుంది. పదేళ్ల తర్వాత మరమ్మతుకు వచ్చినవాడు నమ్ముకునేది ఈ రెండో డ్రాయింగునే. మీ పాఠ్య ప్రణాళికలో కుడివైపు ఒక గడి ఖాళీగా వదలండి. పీరియడ్ అయ్యాక అందులో మూడు వాక్యాలు రాయండి. పిల్లలు అనుకోకుండా ఏమన్నారు? ఎక్కడ ఆగిపోయారు? వచ్చే ఏడాది ఏం మార్చాలి? అయిదు నిమిషాల పని. మూడేళ్లు రాస్తే మీ చేతిలో ఉండేది ఏ గైడులోనూ దొరకదు.

ఇది ఒక్కరే చేస్తే త్వరలో విసుగొస్తుంది. నలుగురు కలిస్తే నిలుస్తుంది. 1989 నుంచి మన రాష్ట్రమంతటా బ్రిటిష్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం నడిచింది. పాత టీచర్లు అప్పెప్ అంటే గుర్తుపడతారు. టీచరు తానే కృత్యాలు తయారు చేసుకోవడం, పిల్లలు చేసి నేర్చుకోవడం, జట్టు పని, తేడాలను గమనించడం, ఊరి పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని గోడ మీద ప్రదర్శించడం దాని సూత్రాలు. చుట్టుపక్కల బడుల టీచర్లు ఉపాధ్యాయ కేంద్రంలో కలుసుకుని పాఠాలు చర్చించుకునేవారు. పథకం ముగిసింది కానీ ఆ ఆలోచన పాతబడలేదు. జపాన్‌లో కొందరు టీచర్లు కలిసి ఒక పాఠం తయారు చేస్తారు, ఒకరు చెబుతారు, మిగిలినవారు వెనక కూర్చుని టీచరును కాక పిల్లల్ని గమనిస్తారు, తర్వాత పాఠాన్ని దిద్దుతారు. మన స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో సర్క్యులర్లు చదవగా మిగిలిన ఒక్క గంట దీనికి ఇస్తే చాలు.

చివరగా నా మాట టీచర్లతో కాదు, మన సంఘంతో. స్వర్ణోత్సవ గుర్తుగా గేటు దగ్గర ఆర్చి కట్టాలన్న ప్రతిపాదన మన ముందుంది. ఆర్చి అందంగానే ఉంటుంది, మన పేర్లూ ఉంటాయి. కానీ దాని కింద నుంచి లోపలికి వెళ్లిన పిల్లవాడికి తరగతిలో ఏం జరుగుతుందన్నదే నాకు ముఖ్యం. ఇప్పుడు కొత్త టీచర్లకు అన్నిటికన్నా కరువైనది సమయం. రోజంతా పీరియడ్లు, మిగిలినది యాప్‌లకు, రిజిస్టర్లకు. ప్రధానోపాధ్యాయుల అనుమతితో, వారానికి ఒక పీరియడ్ మనలో ఒకరు వచ్చి పిల్లలతో గ్రంథాలయం గంటో, వృత్తి పరిచయమో జరిపితే, ఆ సమయంలో ఇద్దరు టీచర్లు ఒకరి తరగతిలో మరొకరు కూర్చోగలుగుతారు. ఊళ్లో ఉన్నవాళ్లం నెలకొకరం వంతు వేసుకున్నా ఏడాదంతా సరిపోతుంది. ఆర్చికి అనుకున్న డబ్బులో కొంత, ఇందాక చెప్పిన బకెట్టు, గిన్నె, త్రాసు వంటివి ఉండే ఒక బీరువాకు ఖర్చు పెడదాం. తాళం చెవి టీచర్ల దగ్గరే ఉండాలి.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ ప్రతిపాదన పెడుతున్నాను. జూన్‌లో బడి తెరిచే నాటికి మొదటి వంతు నాది. రెండో వంతు ఎవరిదో ఈ సాయంత్రమే చెబితే రాసుకుంటాను.

సెలవు.