మందు కన్నా ముందు పేరు

డాక్టరు పట్టాలు అందుకున్న మీకు అభినందనలు. ఫీజులు కట్టిన మీ అమ్మానాన్నలకు నమస్కారం.

నేను ఊపిరితిత్తుల డాక్టర్ని. ఒక పెద్దావిడ సంచినిండా టీబీ మందుల ఖాళీ స్ట్రిప్పులతో నా దగ్గరికొచ్చింది. కోర్సంతా వాడినా దగ్గు తగ్గలేదు. "ఇంకా గట్టి మందు రాయి బాబూ" అంది. తెమడ స్లైడులో నీలం మీద ఎర్రటి కడ్డీలు, అచ్చం టీబీయే! టీబీ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ పరీక్ష మాత్రం టీబీ లేదంది. కల్చర్‌లో తేలింది, మైకోబ్యాక్టీరియం అబ్సెసస్ అని. నీళ్లలో, మట్టిలో బతికే క్రిమి, టీబీ క్రిమికి బంధువు.

బంధువే కదా, ఆ మందులకే లొంగదా అంటారేమో. రిఫాంపిసిన్‌ను నిర్వీర్యం చేసే ఎంజైము దీని దగ్గరే ఉంది. ఐసోనియాజిడ్‌నూ లెక్కచేయదు. అలాగని టీబీ మందులన్నీ దండగ కాదు. క్లోఫజిమిన్‌ను 1950లలో డబ్లిన్‌లో విన్సెంట్ బారీ బృందం టీబీ కోసమే తయారుచేసింది. అక్కడ ఆశించిన ఫలితం రాలేదు, కుష్ఠుకు అక్కరకొచ్చింది. ఇప్పుడు అబ్సెసస్‌కు మిగతా మందులతో కలిపి ఇస్తున్నాం. ఒళ్లు నల్లబడుతుందని ముందే చెబితే, "ఈ వయసులో నాకేమన్నా పెళ్లిచూపులా? రాయి" అందావిడ.

2012లో అమెరికాలో టీబీ మందుగా అనుమతి వచ్చిన బెడాక్విలిన్ సంగతి వేరు. క్రిమి శక్తిని తయారుచేసుకునే ఏటీపీ సింథేజ్‌ను అది అడ్డుకుంటుంది. ఆ ఎంజైము అబ్సెసస్‌కూ ఉంది కాబట్టి ఆశ పుట్టింది. అయితే ల్యాబులో దాని ఎదుగుదలను ఆపుతుందే గానీ చంపడం అంతంతమాత్రం. పాత మందుకు కొత్త పని అప్పజెప్పాలంటే ఇలా ఒక్కో క్రిమి దగ్గర విడివిడిగా తేల్చుకోవాలి.

నా బెంగంతా ఇక్కడే. స్లైడు పాజిటివ్ అనగానే మీ చెయ్యి టీబీ చీటీ మీదికి ఉరుకుతుంది. ఏమిటర్రా ఆ తొందర? సీబీనాట్ ఏమందో చూడరు, కల్చర్ అంటే వారాలు పడుతుందని విసుక్కుంటారు. సినిమా టికెట్ కోసమైతే అర్ధరాత్రి దాకా మేలుకుంటారు! మీకు వారాలే ఎక్కువ, కానీ క్రిమి మైకోబ్యాక్టీరియం ఏవియం అనే మరో బంధువైతే కల్చర్ నెగెటివ్ అయ్యాక కూడా ఏడాదిపాటు మందులు మింగాలి. మింగేది మీరు కాదు, రోగి.

పట్టాలో మీ పేరు ఒక్క అక్షరం తప్పు పడితే ఆఫీసు చుట్టూ పది ప్రదక్షిణలు చేస్తారు కదా. రోగి ఒంట్లోని క్రిమి పేరు దగ్గరా అంతే పంతం పట్టండి. ఇక వెళ్లి ఫొటోలు దిగండి.