భూమి యెవరిది? – థామస్ స్పెన్సు చరిత్ర



ఇంగ్లండు దేశపు పదునెనిమిదవ శతాబ్దిని గూర్చి వ్రాయువారు తరచుగా లండను నగరమునే వర్ణింతురు. జాన్సన్ పండితుడు, బర్క్ మహావక్త, థామస్ పెయిన్ – వీరి పేర్లు చదువరులకు పరిచితములే. రాజధానికి దూరముగా పుట్టి, సొంతముగా ఆలోచించి, ఆ ఆలోచన కొరకు కష్టములు పడినవారు మాత్రము మరుగున పడిపోయిరి. అట్టివారిలో నొకనిని గూర్చి నేడు మీకు మనవి చేయదలచితిని. ఆయన పేరు థామస్ స్పెన్సు. ఆయన వేసిన ప్రశ్న పల్లెవారికి క్రొత్తది కాదు: భూమి యెవరిది?

ఇంగ్లండునకు ఈశాన్యమున, టైన్ నది యొడ్డున, న్యూకాసిల్ అను రేవుపట్టణము కలదు. బొగ్గు వ్యాపారమునకు పేరుపడిన యూరు. స్పెన్సు 1750లో అచట జన్మించెను. తండ్రి వలలు అల్లి జీవించువాడు. తల్లి మేజోళ్ళు అల్లెడిది. వారికి 19 మంది సంతానము. పిల్లలు పనిచేయుచునే బైబిలు చదువవలెను. చదివినదానికి అర్థమేమని తండ్రి ప్రశ్నించెడివాడు. స్పెన్సునకు అదియే తొలి పాఠశాల. పెద్దవాడై ఆయన బడిపంతులయ్యెను.

ఆ పట్టణము ప్రక్కన ఇంచుమించు 1000 ఎకరముల ఉమ్మడి బీడు కలదు. మన మందబయళ్ళవలె అది పశువుల మేతకు విడిచిన నేల. ఆ కాలమున ఇంగ్లండంతట ఇట్టి నేలలకు భూస్వాములు కంచెలు వేసికొనుచుండిరి. 1771 ప్రాంతమున న్యూకాసిల్ పురపాలకులు కూడ బీటిలో కొంతభాగమును కౌలున కిచ్చిరి. మేతహక్కు గల పౌరులు ఊరకుండక న్యాయస్థానమున కెక్కిరి. 1774లో పార్లమెంటు చట్టము వారి హక్కును స్థిరపరచెను. నేటికిని అచట ఆవులు మేయుచున్నవి.

ఈ తగవు బడిపంతులను ఆలోచింపజేసెను. బీడు అందరిదైనప్పుడు తక్కిన భూమి యేల కాదు? 1775 నవంబరు 8వ తేదీన ఊరి తత్త్వవిచార సంఘమున ఆయన తన యుత్తరమును చదివి వినిపించెను. గాలిని, వెలుగును ఎవ్వడును సృజింపలేదు, భూమియు నట్టిదే. కావున చర్చి చుట్టునుండు పల్లెవిభాగము, అనగా పారిష్, తన యెల్లలలోని భూమికెల్ల తానే యజమాని కావలెను. దానిని అమ్మరాదు, కౌలున కీయవలెను. కౌలు సొమ్ములోనుండి ప్రభుత్వమునకు పన్ను చెల్లించి, బాటలు వేసి, బడులు నడపి, పేదలను పోషింపవలెను. మిగిలినది ఆడ, మగ, పిల్ల అను భేదము లేక ఊరివారందరికిని సమముగా పంచవలెనని ఆయన తరువాతి గ్రంథములలో చేర్చెను.

సంఘమువారు ఆయనను తొలగించిరి. ఆ మాటలు చెప్పినందుకు కాదట. వానిని అచ్చువేయించి వీథులలో అమ్మినందుకట! పండితుల గదిలో పలికిన మాట కూలివాని చెవిని పడరాదని వారి యభిప్రాయము. స్పెన్సు పట్టుదల దానికి విరుద్ధము. పేదలు సులభముగా చదువుకొనుటకై, పలికినట్లే వ్రాయు క్రొత్త లిపిని కూడ ఆయన ఆ 1775లోనే నిఘంటు రూపమున ప్రకటించెను. దాని అక్షరపు అచ్చులను చెక్కినవాడు ఆ ప్రాంతపు ప్రసిద్ధ చిత్రకారుడు థామస్ బ్యూయిక్. భూమి విషయమున వీరిద్దరికిని ఒకనాడు వాదము ముదిరి కఱ్ఱలతో కలియబడిరి. స్పెన్సు ఐదడుగుల పొట్టివాడు. దెబ్బలు తిన్నవాడు ఆయనయే. అభిప్రాయమును మాత్రము మార్చుకొనలేదు.

తరువాత ఆయన లండను చేరి, వీథి ప్రక్కన పుస్తకములును వేడి పానీయమును అమ్ముచు బ్రతికెను. పెయిన్ గ్రంథమును అమ్మినందుకు 1792లో ఆయనను పట్టుకొనిరి. బర్క్ సామాన్యజనమును పందులమందతో పోల్చియుండెను. స్పెన్సు కోపింపక 1793లో ఒక పెన్నీ వెలకు పత్రికను స్థాపించి, దానికి ‘పందుల మేత’ అని పేరు పెట్టెను! 1794లో విచారణ లేకయే ఏడు నెలలు చెరలో నుంచిరి. 1797లో, పురుషులు చేతకానివారైనచో పారిష్ కౌలు వసూలును స్త్రీలే చేపట్టవలెనని వ్రాసెను. 1801లో మరియొక గ్రంథము నిమిత్తమై సంవత్సరము చెరయు, 20 పౌనుల జరిమానాయు విధించిరి.

మనము గమనింపదగిన విషయ మొకటి కలదు. ఆ మరుసటి సంవత్సరముననే, 1802లో, చెన్నపురి కుంఫిణీ ప్రభుత్వము 25వ రెగ్యులేషను చేసి, జమీందారులను భూమికి యజమానులుగా స్థిరపరచెను. ఆ యేర్పాటు మన ఉత్తర సర్కారులకు వచ్చెను. దానిని తొలగించు చట్టము చెన్నరాష్ట్రమున 1948లోగాని రాలేదు. భూమికి ఒక్కనిని యజమానిగా చేయుట తప్పని చెప్పిన యాంగ్లేయుడు అచట చెరపాలు కాగా, ఆ పనియే ఆంగ్లేయుల చట్టమై ఇచట వెలసెను.

స్పెన్సు 1814లో మరణించెను. శవము ముందు శిష్యులు త్రాసును పట్టుకొని నడచిరి. రెండు తట్టలలోను సమముగా మన్ను ఉంచిరి. 1817లో పార్లమెంటు ఆయన పేరిటి సంఘములను పేరుపెట్టి మరీ నిషేధించెను. మూడేండ్ల క్రిందట మరణించిన పేదవానికి ప్రభువు లింతగా భయపడిరి!

ఆయన పథకమంతయు నిర్దోషమని నేను చెప్పజాలను. నల్లరేగడి గల యూరు బలియును. చవుడు గల యూరు చిక్కును. భూస్వాములు తమంత తాము భూమిని విడువరు. ఈ చిక్కులు చిన్నవి కావు. అయినను, నేలకు వెల యొక్కని చెమటవలన గాక ఊరంతయు నుండుటవలన కలుగుచున్నదనియు, ఆ వెలలో పసిబిడ్డకును పాలు కలదనియు ఆయన చెప్పిన మాట త్రోసివేయదగినది కాదు. మీ యూరి బీడు, చెఱువుగట్టు, శ్మశానము ఎవరివను తగవు రచ్చబండకు వచ్చినప్పుడు ఈ వలలల్లువాని కుమారుని ఒక్కమారు స్మరింపుడు.