మెరుపును కాదు, మడతను చూడండి
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడిన పెద్దలు డి.ఎ. బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి చెప్పారు. నేను కాళ్ళ గురించి చెబుతాను. "పాత బూట్లలో మంచి తోలును గుర్తించడం ఎలా?" అన్న అంశం నాకు ఇచ్చారని తెలిసి కొందరు మిత్రులు నవ్వారు. నవ్వవలసిందే. నేను జీవితమంతా ఫైళ్ళు కుట్టినవాణ్ణే గాని చెప్పులు కుట్టినవాణ్ణి కాను. అయితే ఈ పాఠం చెయ్యి విరగ్గొట్టుకుని నేర్చుకున్నాను కనుక, మీకు ఊరికే చెప్పే అర్హత ఉందనుకుంటున్నాను.

మా మనుమరాలి పెళ్ళికని ఒక పెద్ద దుకాణంలో నల్లని బూట్లు కొన్నాను. "అసలు లెదర్ సార్" అన్నాడు అమ్మేవాడు. అద్దంలా మెరుస్తున్నాయి. పెళ్ళినాడు వేసుకుని, మళ్ళీ పెట్టెలో పెట్టి భద్రంగా దాచాను. రెండు వర్షాకాలాలు గడిచాక లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి అవి తొడుక్కుని బయలుదేరాను. బ్యాంకు మెట్లమీద అడుగుభాగం ఎండిన రొట్టెలా పొడిపొడి అయి ఊడింది. బతికే ఉన్నానని రుజువు చేయబోయి, కుడి మణికట్టు విరగ్గొట్టుకుని వచ్చాను.

ఇంట్లో ఆవిడ ఒక్కటే మాట అన్నది. "అటకమీద మామయ్యగారి బూట్లు ఎనభై ఏళ్ళుగా ఉన్నాయి. మీవి మూడేళ్ళు నిలవలేదు."

మా నాన్నగారు రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైన్యంలో పనిచేసి 1946లో ఇంటికి వచ్చారు. వస్తూ తెచ్చుకున్న బూట్లవి. దళసరి తోలు, అడుగున మేకులు, మడమకు ఇనుప లాడం. మా నాయనమ్మ వాటిని వసారా దాటి లోపలికి రానివ్వలేదట. కట్టు విప్పిన తరువాత ఆ జత, నా జత రెండూ సంచిలో వేసుకుని మా వీధి మలుపులో వేపచెట్టు కింద కూర్చునే చెప్పులు కుట్టే ఆయన దగ్గరకు వెళ్ళాను.

ఆయన నా మెరుపు బూట్లను ఒకసారి వంచి చూసి పక్కన పడేశాడు. నాన్నగారి బూటును మాత్రం అటూ ఇటూ తిప్పి, వేలితో నిమిరి, "చూస్తే ఏం తెలుస్తుందండీ, పట్టుకుని చూడండి" అని నా చేతికి అందించాడు.

మీ దగ్గర దాచడం ఎందుకు, నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నడుముకు తోలు బెల్టు, జేబులో తోలు పర్సు, కాళ్ళకు తోలు చెప్పులు ఉన్నవాణ్ణి, ఆయన చేతిలోంచి బూటు అందుకోవడానికి మాత్రం వెనకాడాను. తరువాత అందుకున్నాను. పాఠం అక్కడ మొదలయింది. ఆయన చెప్పినవీ, ఆపైన నేను చదివి సరిచూసుకున్నవీ కలిపి చెబుతాను.

మొదటిది మడత. బూటు ముందుభాగం, వేళ్ళు వంగేచోట మెల్లగా వంచండి. మంచి తోలులో సన్నని ముడతలు దగ్గరదగ్గరగా వచ్చి, వదలగానే చాలావరకు సర్దుకుంటాయి. వదులుగా, లావుగా, పైపొర లోపలి నుండి విడిపోతున్నట్టు ముడతలు పడితే అది పశువు పొట్టభాగపు తోలు కావచ్చు. వీపుభాగంలో నార బిగువుగా ఉంటుంది, పొట్ట దగ్గర వదులుగా ఉంటుంది. ముడత దగ్గర రంగుపొర పెచ్చులుగా లేచి కింద గుడ్డ కనబడిందా, అది తోలే కాదు, రెక్సిన్ వంటిది.

రెండవది పైపొర. పశువు చర్మానికి సూక్ష్మ రంధ్రాలు ఉంటాయి. ముల్లు గీసిన మచ్చ, మెడ ముడత, పురుగు కుట్టిన గుర్తు ఉండవచ్చు. ఇవి లోపాలు కావు, సర్వీసు రిజిస్టరులో ఎంట్రీల వంటివి. పైపొరను చెక్కుచెదరకుండా ఉంచిన తోలును ఫుల్ గ్రెయిన్ అంటారు. మచ్చలను గీకేసి, రంగుపొర పూసి, యంత్రంతో గళ్ళు అచ్చువేస్తే కరెక్టెడ్ గ్రెయిన్. అంగుళం అంగుళానికి ఒకే నమూనా తిరిగి వస్తుంటే అనుమానించండి. అలాగని అచ్చు ఉన్న ప్రతిదీ చెడ్డది కాదు. పాత సైనిక బూట్ల తోలుకు కూడా గులకరాళ్ళ వంటి అచ్చు ఉండేది. అప్పుడు తీర్పు మడతే చెప్పాలి.

దూడతోలుకు రంధ్రాలు అతి సన్నగా ఉంటాయి. గేదెతోలు ముతకగా ఉంటుంది. పందితోలు మీద రంధ్రాలు మూడేసి గుంపులుగా కనిపిస్తాయి.

మూడవది అంచు. లేసుల కన్నాల దగ్గర, నాలుక చివర, కోసిన అంచును భూతద్దంతో చూడండి. నారపోగులు అల్లుకున్నట్టుంటే తోలు. నేత కనిపిస్తే గుడ్డ. తోలు ముక్కలను పొడిచేసి జిగురుతో అతికించిన బాండెడ్ రకంలో పొడవాటి నార ఉండదు. మందపు తోలును పొరలుగా చీల్చి, అడుగుపొరకు ప్లాస్టిక్ పూతపూసి అమ్మడం కూడా ఉంది. దానినీ తోలు అనవచ్చు, తప్పు కాదు. కనుక "జెన్యూన్ లెదర్" అన్న ముద్ర ఆ వస్తువు తోలని చెబుతుందే గాని మంచి తోలని చెప్పదు.

విదేశాల నుండి పిల్లలు తెచ్చే బూట్లమీద చిన్న బొమ్మలు గమనించండి. 1994లో యూరప్‌లో చేసిన నిబంధన ప్రకారం, పరిచిన తోలు ఆకారం ఉంటే తోలు, ఆ ఆకారంలో వజ్రపు గుర్తు ఉంటే పూత ఉన్న తోలు, వట్టి వజ్రపు గుర్తయితే ఇతర పదార్థం. పైభాగానికి, లోపలి భాగానికి, అడుగుకు వేరువేరుగా చూసుకోవాలి.

నాల్గవది అడుగు. నన్ను పడగొట్టింది ఇదే. నా బూట్లకు అడుగున వేసింది పాలీయురేథేన్ అనే నురుగు పదార్థం. గాలిలోని తేమకు అది ఏళ్ళు గడిచేకొద్దీ విరిగిపోతుంది. వాడకుండా దాచినా చెడుతుంది. దాచిన జత తొడిగేముందు అడుగును వేలితో గట్టిగా నొక్కి, వంచి చూడండి. పొడి రాలినా, పగిలినా బయటికి వేసుకెళ్ళవద్దు. అంచు చుట్టూ కుట్టు కనిపించినా తొందరపడి నమ్మకండి. ఆ కుట్టు నిజంగా దారమా, ప్లాస్టిక్ మీద అచ్చువేసిన బొమ్మా అని గోటితో గీరి చూడండి.

వాసన, నిప్పు, నీటిచుక్క పరీక్షలను ఎక్కువగా నమ్మవద్దు. వాసన పూయవచ్చు. నిప్పు పెడితే బూటే పోతుంది. పూత ఉన్న మంచి తోలుమీద కూడా నీటిచుక్క ఇంకదు.

ఇక ఇంట్లో పాత జతలు ఉన్నవారికి ఒక మాట. తెల్లని బూజు కనబడితే కంగారుపడకండి. పొడిగుడ్డతో తుడిచి నీడలో గాలికి ఆరబెట్టండి, ఎండలో వద్దు. పైపైన ఎండిన తోలుకు కొద్దిగా బూటు క్రీము పట్టిస్తే చాలు, నూనెలో ముంచకూడదు. ముట్టుకుంటే ఎర్రటి పొడి వేలికి అంటిందా, ఆ తోలు నార లోపలే పోయింది. దానిని ఏ క్రీమూ తిరిగి తేలేదు. జ్ఞాపకంగా దాచుకోవచ్చు, తొడగకూడదు.

నాన్నగారి బూటు అడుగు అంచును ఆయన ఆరెతో కొద్దిగా గీశాడు. లోపలిదాకా గోధుమరంగే. "చెట్టు చెక్కతో పదును చేసిన తోలండీ" అన్నాడు. మన వైపు తంగేడు చెక్క, కరక్కాయ, తుమ్మ చెక్కలతో వారాల తరబడి నానబెట్టి తోళ్ళు పదును చేసేవారు. మద్రాసులో 1903లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ చేసిన ప్రయోగాలతో క్రోమ్ ఉప్పుల పద్ధతి ఇక్కడ మొదలయింది. అందులో పని త్వరగా అవుతుంది, రంగు వేయకముందు తోలు నీలివన్నెలో ఉంటుంది. రెండింటిలోనూ మంచివి ఉన్నాయి, చెడ్డవి ఉన్నాయి. ఈ విద్యకు మన దేశంలో పెద్దపీట మద్రాసులోని కేంద్రీయ చర్మ పరిశోధనా సంస్థ. దానికి డైరెక్టరుగా పనిచేసి ప్రపంచానికి పరిచయం చేసినవారు అప్పటి గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టిన డాక్టర్ యలవర్తి నాయుడమ్మగారు. 1985 జూన్ 23న కనిష్క విమాన దుర్ఘటనలో ఆయనను కోల్పోయాం. అంతటి విద్వాంసుడు చేపట్టిన విద్యను తాకడానికే నా చెయ్యి ఆగిందని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గు వేస్తుంది.

అయితే ఆ సైనిక బూట్లు నేను తొడుక్కోవడం లేదు. మేకుల అడుగుతో పాలరాతి గచ్చుమీద నడిస్తే రెండో మణికట్టు కూడా పోతుంది. మన వయసుకు పైన మెత్తని మంచి తోలు, కింద జారని రబ్బరు అడుగు, వేళ్ళకు చోటు కావాలి. మధుమేహం ఉన్నవారు తొడిగేముందు లోపల చెయ్యి పెట్టి, మేకు గాని ముడత గాని తగులుతుందేమో చూసుకోవాలి. ఇప్పుడు నేను వేసుకున్నవి నా పాత ఆఫీసు బూట్లు. పైతోలు బాగుందని ఆయనే చూసి చెప్పి కొత్త రబ్బరు అడుగు కుట్టి ఇచ్చాడు.

నలభై ఏళ్ళుగా ఆ చెట్టు కిందనే కూర్చుంటున్నా, ఆయన పేరు నేను ఆ రోజే అడిగాను. ఈ సభకు రమ్మని కూడా పిలిచాను. "పని ఉందండీ" అన్నాడు. కనుక మిత్రులారా, ఇంటికి వెళ్ళాక అటకమీది జతలు దించండి, వంచి చూడండి, అనుమానం వస్తే మీ వీధి మలుపులో ఉన్న ఆయనను అడగండి. అడిగేముందు పేరు తెలుసుకోండి.