దగ్గరున్న మనిషిని అడగాలి

(ఒక మహిళా సంఘం సమావేశంలో ఒక నర్సు మాట్లాడిన మాటలు)

 

పొలం పని నుంచి నేరుగా వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. అందుకని ఎక్కువసేపు మాట్లాడను. మీకు తెలిసిన సంగతే మాట్లాడతాను.

ఇంట్లో ఎవరైనా మంచం పడితే చేసేది ఎవరు? ఒళ్లు తుడిచేది ఎవరు? బట్టలు మార్చేది ఎవరు? రాత్రి లేచి నీళ్లు తాపేది ఎవరు? మీరే. కోడలో, కూతురో, భార్యో. మరి ఆ మనిషికి వైద్యం బాగా జరిగిందా అని ఊరు ఎవరిని అడుగుతుంది? మీరు నవ్వుతున్నారు. మీకు తెలుసు.

నేను జిల్లా ఆసుపత్రి నుంచి ఊళ్లు తిరిగే బండిలో పనిచేస్తాను. మాది జబ్బు నయం చేసే బండి కాదు. క్యాన్సరు లాంటి జబ్బు బాగా ముదిరితే ఏ మందుకూ లొంగదు. అప్పుడు "ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపొండి" అంటారు. ఆ మాట తప్పు. చేసేది చాలా ఉంది. నొప్పి తగ్గించవచ్చు. పుండు కడగవచ్చు. వాంతులు, ఆయాసం తగ్గించవచ్చు. ఇంటివాళ్లకు ధైర్యం చెప్పవచ్చు. దీన్ని పాలియేటివ్ కేర్ అంటారు. చివరి రోజుల్లో రోగిని ఉంచుకుని ఇలా చూసుకునే చోటును హాస్పిస్ అంటారు.

1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ అనే ఆమె ఇలాంటి హాస్పిస్ ఒకటి పెట్టింది. ఆమె మొదట నర్సు. తర్వాత డాక్టరు చదివింది. మన దేశంలో మొదటి హాస్పిస్ 1986లో బొంబాయిలో వచ్చింది. 1993లో కేరళలోని కోజికోడ్‌లో డాక్టర్లు, ఊరివాళ్లు కలిసి ఒక సంఘం పెట్టారు. తర్వాత అక్కడ మామూలు మనుషులే పని నేర్చుకుని ఇల్లిల్లూ తిరిగి రోగుల్ని చూడసాగారు. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో ఈ సేవ ఉంది. ఇప్పుడు తెలంగాణ జిల్లాల్లో కూడా కేంద్రాలు వచ్చాయి. అలా వచ్చిందే మా బండి.

ఇక ఒక ఇంటి సంగతి చెప్తాను. ఊరు పేరు చెప్పను.

ఆ ఇంట్లో అవ్వకు చెంపలో క్యాన్సరు. పుండు బయటికి పగిలింది. ఒకటే వాసన. చుట్టాలు గడప దగ్గరే నిలబడి పలకరించి పోయేవాళ్లు. కొడుకులు ఇద్దరు. పెద్దాయన హైదరాబాదులో ఉద్యోగం చేస్తాడు. చిన్నాయన ఆటో నడుపుతాడు. చూసుకునేది చిన్నకోడలు.

మేం మొదట నొప్పి సంగతి చూశాం. మార్ఫిన్ మాత్రలు ఇచ్చాం. మార్ఫిన్ అంటే కొందరు భయపడతారు. నల్లమందు నుంచి వచ్చేది కదా, అలవాటైపోతుందేమో అంటారు. నొప్పి ఉన్న మనిషికి డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం ఇస్తే ఆ భయం అక్కరలేదు. విరేచనం మాత్రం గట్టిపడుతుంది. దానికి వేరే మందు ఇస్తాం. లెక్క తప్పితే మాత్రం నొప్పి మళ్లీ వస్తుంది. పొద్దున 6, తర్వాత 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. రాత్రి పూట రెండింతలు, నిద్రలో లేపకుండా ఉండేందుకు.

ఆ కోడలు ఊళ్లో అక్షరాల తరగతికి పోయి చదువు నేర్చుకుంది, మీలాగే. ఒక నోటుబుక్కులో గీతలు గీసింది. ఏ టైముకు ఏ మాత్ర వేసిందో రాసి పెట్టింది. మెట్రోనిడజోల్ మాత్రలు పొడి చేసి పుండు మీద ఎలా చల్లాలో మేం చూపిస్తే ఒక్కసారికే పట్టేసింది. (మీరు మాత్రం డాక్టరును అడగకుండా ఇది చేయకండి.) వారం తిరిగేసరికి వాసన తగ్గింది. అవ్వ కోడలి చేత తల దువ్వించుకుని, ముంగిట్లో కూర్చుంది. పక్కింటావిడ వచ్చి మంచం మీదే కూర్చుంది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

మూడోసారి పోయినప్పుడు పెద్దకొడుకు వచ్చి ఉన్నాడు. చాలా కోపంగా ఉన్నాడు. "మా అమ్మ తింటలేదు. ఒక్క గ్లూకోజు బాటిలన్న ఎక్కియ్యరా?" అన్నాడు. తల్లి మీద ప్రేమతోనే అన్నాడు. నేను కుర్చీ వేసుకుని అరగంట చెప్పాను. చివరి రోజుల్లో ఒంటికి తిండి అక్కరలేకుండా పోతుంది. గ్లూకోజు ఎక్కిస్తే ఆ నీరు ఒంట్లో నిలిచి వాపు, ఆయాసం రావచ్చు. పెదాలు తడిపితే చాలు. ఇంకో సంగతి కూడా చెప్పాను. ఊపిరి గరగరమని చప్పుడు రావచ్చు. గొంతులో చేరిన ఉమ్మిని మింగలేక ఆ చప్పుడు వస్తుంది. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, భయపడకండి, మాకు ఫోను చేయండి అన్నాను. ఆయన కోపం దిగింది. దండం పెట్టాడు.

కోడలు అప్పుడు ఎక్కడుంది? పొయ్యి దగ్గర. మాకు చాయ్ పెడుతోంది.

పెద్దాయన ఆ సాయంత్రమే హైదరాబాదు పోయాడు. నేను చెప్పిన మాటలు ఆయనతోపాటే పోయాయి. ఐదో రోజు రాత్రి అవ్వకు ఆ గరగర మొదలైంది. కోడలికి ఏం తెలుసు? ఊపిరి ఆడక కొట్టుకుంటోంది అనుకుంది. మొగుణ్ని లేపింది. ఇద్దరూ అవ్వను ఆటోలో ఎక్కించుకుని పట్నం ఆసుపత్రికి బయలుదేరారు. అవ్వ దారిలోనే పోయింది. గుంతల రోడ్డు మీద, ఆటోలో.

దినాలైన తర్వాత మేం ఆ ఇంటికి పోయాం. మిగిలిన మార్ఫిన్ మాత్రలు ఇంట్లో ఉంచకూడదు, వెనక్కు తీసుకుంటాం. పెద్దకొడుకు ఎదురొచ్చాడు. "మంచిగ చూసిన్రు సిస్టరమ్మా, అన్నీ సమజయ్యేటట్టు చెప్పిన్రు" అని నలుగురి ముందూ పొగిడాడు. కోడలు మాత్రలు లెక్కపెట్టి కవరులో పెట్టి తెచ్చింది. నోటుబుక్కు కూడా తెచ్చింది. నా చేతికిచ్చి మెల్లగా అంది:

"మందులు మంచిగిచ్చిన్రు అక్కా. గని నాకెవ్వరు చెప్పలే. అట్ల అయితదని తెలిస్తే అత్తమ్మను ఆటోల ఎక్కిస్తుంటినా? నా ఒళ్ళో పోతుండె."

ఆ ఇంటికి పోయింది ఒకటే బండి. ఇచ్చింది అవే మందులు. నాలుగు సార్లు వచ్చిపోయిన మనిషికి వైద్యం బాగుంది. రాత్రింబవళ్లు చేసిన మనిషికి గుండెలో ముల్లు మిగిలింది. ఆ తప్పు నాది. ప్యాంటు చొక్కా వేసుకుని గట్టిగా మాట్లాడే మనిషి కనబడితే ఆయనకే చెప్పేశాను. పుండు కడిగే మనిషిని పిలవలేదు.

అమెరికాలో 2015 నుంచి ఒక పద్ధతి ఉంది. హాస్పిస్ సేవలో మనిషి పోయిన కొన్ని నెలలకు ఇంటివాళ్లకు ప్రశ్నల కాగితం పంపిస్తారు. అది ఇంటి పెద్దకు కాదు, దగ్గరుండి చూసుకున్న మనిషికి పోతుంది. నొప్పికి సాయం అందిందా? మీ మాట విన్నారా? ఎప్పుడు వస్తారో ముందే చెప్పారా? రోగిని ఎలా చూసుకోవాలో మీకు నేర్పారా? ఇలాంటివి అడుగుతారు. భవనం గురించీ మంచాల గురించీ కాదు, ఎక్కువగా మనుషుల గురించే. తియ్యటి మాటలుంటే చాలని నేను అనడం లేదు. నొప్పి తగ్గకపోతే ఏ మాటా చెవికెక్కదు. కానీ నొప్పి తగ్గిన ఇంట్లో కూడా చెప్పాల్సిన మాట చెప్పాల్సిన మనిషికి అందకపోతే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను.

అందుకని మా బండి మీ ఇంటికి వస్తే మీరు పొయ్యి దగ్గరికి పోకండి. చాయ్ తర్వాత తాగుతాం. వచ్చి పక్కన కూర్చోండి. "రాత్రి పూట ఏమైనా అయితే నేనేం చేయాలి?" అని అడగండి. "ఎవరికి ఫోను చేయాలి?" అని అడిగి ఆ నంబరు మీ చేత్తోనే గోడ మీద రాసుకోండి. మేం చెప్పింది అర్థం కాకపోతే మళ్లీ చెప్పమనండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

మొన్న ఒక ఇంటికి పోయాం. కొడుకు ముందుకొచ్చి కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు. "అమ్మకు ఒళ్లు తుడిచేది ఎవరు నాయనా?" అని అడిగాను. ఆయన లోపలికి చూశాడు. ఒక పిల్ల తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ఆ పిల్లకు చెప్పడం మొదలుపెట్టాను.

బండి వచ్చేదాకా ఇక్కడే ఉంటాను. మీరు అడగాల్సినవి అడగండి.